వియ్యంకుల పన్నుల పంచాయితీ

ఆ శనివారం ఉదయం గౌరీశంకర్‌కు అప్పజెప్పిన పని చాలా చిన్నది. నేపర్‌విల్ వెళ్లి పూలదండలు, మిఠాయిలు తీసుకుని పన్నెండింటికల్లా అరోరాలోని ఇంటికి తిరిగి రావాలి. సాయంత్రం నాలుగింటికి కూతురు అవని తాంబూలాలు. ముప్ఫయ్యేళ్లు ఇల్లినాయ్‌లో వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరుకు ఇదొక లెక్కా? కాకపోతే భార్య పద్మిని ఆ పనికి ఒక షరతు తగిలించింది.

"బావగార్ని కూడా తీసుకెళ్లండి. కానీ దారిలో పన్నుల గొడవ ఎత్తారో, ఊరుకోను. రెండ్రోజులుగా వినలేక చస్తున్నాం. పెళ్లయ్యాక ఎక్కడుండాలో పిల్లలు చూసుకుంటారు."

బావగారంటే కాబోయే వియ్యంకుడు వీరభద్రం. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేసి, అక్కడే స్థిరపడిన మనిషి. భార్య ఉజ్వలతో, కొడుకు కౌస్తుభ్‌తో గురువారం దిగాడు. పిల్లలు అమెరికాలోనే కాపురం పెట్టాలని గౌరీశంకర్ పంతం. యూరప్‌కే రావాలని వీరభద్రం పంతం. పిల్లల్ని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

షరతు వెళ్లేటప్పుడు నిలబడింది. దండలు, మిఠాయిలు కారెక్కి, బండి ఇంటిదారి పట్టగానే గౌరీశంకర్ నోరు ఆగలేదు.

"మా స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ ఎంతో తెలుసా బావగారూ? నాలుగు పాయింట్ తొమ్మిది అయిదు!"

"మా దగ్గర పై శ్లాబు నలభై తొమ్మిది పాయింట్ అయిదు," అన్నాడు వీరభద్రం, ఏమాత్రం సిగ్గుపడకుండా. "అంకెలు అవేనండీ. చుక్క కాస్త జరిగిందంతే."

"ఆ చుక్క జరిగిన సందులోంచే సగం జీతం జారిపోయింది కదండీ!"

"మరి మీ ఫెడరల్ టాక్స్ కలిపారా? ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్? హెల్త్ ఇన్సూరెన్స్? కాలేజీ ఫీజులు?"

"మీరు మాత్రం ఇన్సూరెన్స్‌కి నెలనెలా కట్టట్లేదా? కొట్లో వస్తువు ముట్టుకుంటే ఇరవై ఒక్క శాతం వ్యాట్ కట్టట్లేదా?"

"కడతాం. కట్టింది కళ్లకు కనిపిస్తుంది. రైలు, బస్సు, సైకిల్ దారి. నేనిక్కడికి వచ్చి మూడో రోజు. మీ ఇంటి చుట్టుపక్కల ఒక్క బస్సు కనబడితే ఒట్టు."

ఆ మాట గౌరీశంకర్‌కు ముల్లులా గుచ్చుకుంది. టైము చూశాడు. ఇంకా పదిన్నరే. "రండి, మా పబ్లిక్ సర్వీస్ ఎలా ఉంటుందో చూపిస్తా," అని కారును పబ్లిక్ లైబ్రరీ వైపు తిప్పాడు. అక్కడ దిగాక డిక్కీలోంచి తన పన్నుల ఫైలు కూడా తీశాడు. వాదన ముదిరితే సాక్ష్యం ఉండాలని దాన్ని పొద్దున్నే రహస్యంగా కారులో పెట్టుకున్నాడు.

లైబ్రరీ నిజంగానే బాగుంది. వీరభద్రం ఒప్పుకోక తప్పలేదు. ఇద్దరూ కిటికీ పక్కన పెద్ద బల్ల దగ్గర కూర్చుని, ఫైలు పరచి, గొంతు తగ్గించి లెక్కలకు దిగారు. వాళ్ల వెనక గోడకు 'శనివారం ఉచిత పన్ను సహాయం ఇక్కడే' అని ఒక కాగితం అంటించి ఉంది. లెక్కల వేడిలో ఇద్దరూ దాన్ని చూడలేదు.

ఒక పెద్దావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. "టాక్స్ వాళ్లు మీరేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

తమ వాదన ఆవిడ చెవిన పడిందనుకున్నాడు గౌరీశంకర్. తీర్పు చెప్పడానికి అమెరికన్ పౌరురాలే దొరికిందని సంబరపడి, "అవునవును, కూర్చోండి!" అన్నాడు.

ఆవిడ కూర్చుని, చేతిలోని సంచీని బల్ల మీద బోర్లించింది. కాగితాలు కుప్పగా పడ్డాయి. "నా పేరు డోలరెస్. ముప్ఫై నాలుగేళ్లు స్కూల్ బస్సు నడిపాను. ఒక్క ఏడాది కూడా పన్ను ఆలస్యం చెయ్యలేదు. ఎప్పుడూ మా ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు ఆయన లేడు. ఇందులో ఏ కాగితం దేనికో నాకు తెలియడం లేదు."

గోడ మీది కాగితం చూసి గౌరీశంకర్‌కు విషయం అర్థమయ్యేసరికి ఆవిడ వెనక అయిదుగురు నిలబడ్డారు. అంతలో లైబ్రరీలో పనిచేసే తెలుగమ్మాయి పరుగున వచ్చింది. మెడలో వేలాడే కార్డు మీద హంసిక అని పేరు.

"అంకుల్, మీరు వాలంటీర్సా? థాంక్ గాడ్! టీమ్ ఎవరూ రాలేదు అని నేను చాలా వర్రీ అయ్యాను."

'కాదమ్మా' అందామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వీరభద్రం కూడా ఆ కాగితం చదివి అడిగాడు. "ఇది ఫ్రీయా? మరి ఈ పని చేసేవాళ్లకి జీతం ఎవరిస్తారు?"

గౌరీశంకర్ ఛాతీ దానంతటదే పొంగింది. "ఎవ్వరూ ఇవ్వరు బావగారూ! మనుషులకి మనుషులే చేసుకుంటారు. అమెరికా అంటే ఇదీ!"

అంత మాట అన్నాక ఇక వెనక్కి తగ్గే దారేది? హంసిక ఇచ్చిన బ్యాడ్జీని మెడలో వేసుకున్నాడు. అయితే తనకు అధికారం లేని డ్రాయింగు మీద ఏనాడూ సంతకం పెట్టని ఇంజనీరు ఆయన. ఫారాల జోలికి వెళ్లలేదు. "ముందు కాగితాలు వరసలో పెడదాం," అని పెన్షన్‌వి ఒక కట్ట, బ్యాంకువి ఒక కట్ట, ఇంటి పన్నువి ఒక కట్ట చేయసాగాడు.

వీరభద్రం కాసేపు విమర్శకుడిలా చూశాడు. తర్వాత ఉండబట్టలేక, వరసలో ఉన్న టోపీ ఆయనతో, "మా దగ్గర గవర్నమెంటే ఈ ఫారం చాలావరకు నింపి పెడుతుంది. చూసుకుని సరే అంటే చాలు," అన్నాడు.

టోపీ ఆయన వెనక్కి తిరిగాడు. "ఆ రెండో ఆయన దగ్గర ఫారాలు ముందే నింపి ఉంటాయట!"

అయిదు నిమిషాల్లో సగం వరస వీరభద్రం ముందుకు మారిపోయింది.

"అయ్యా, నేను నెదర్లాండ్స్ నుంచి వచ్చాను," అని మొత్తుకున్నాడు వీరభద్రం.

"అంత దూరం నుంచి మా కోసం వచ్చారా!" అని ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.

హంసిక రెండో బ్యాడ్జీ తెచ్చింది. ఒంటిగంటకు వరస తలుపు దాటింది. వియ్యంకులిద్దరూ చొక్కా చేతులు మడిచి, ఒకరు కాగితాలు ఏరుతుంటే మరొకరు పిన్నులు కొడుతున్నారు. సైలెంట్‌లో పెట్టిన గౌరీశంకర్ ఫోనులో పద్మిని కాల్స్ పదకొండు పేరుకున్నాయి.

రెండు కావస్తుండగా అసలు వాలంటీర్లు వచ్చారు. ముందు నడుస్తున్న టీమ్ లీడరావిడ చేతులకు మసి. వంతెన దిగగానే గోతిలో పడి వ్యాను టైరు పగిలిందట.

"వంతెన నాది, గొయ్యి నాది కాదు," అన్నాడు గౌరీశంకర్ అప్రయత్నంగా.

"ఇంతకీ మీరెవరు?" అంది ఆవిడ. "ట్రైనింగ్ లేనివాళ్లు ఇక్కడ కూర్చోకూడదు. ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

అన్నిరోజులూ డప్పు కొట్టిన దేశంలో, వియ్యంకుడి ముందు దొంగలా పట్టుబడ్డాడు గౌరీశంకర్. మెడలోంచి బ్యాడ్జీ తీయబోయాడు.

వీరభద్రం లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఈయన మా అబ్బాయికి కాబోయే మామగారు. ఇవాళ కూతురి నిశ్చితార్థం. అది వదిలేసి ముక్కూమొహం తెలియని ముప్ఫై మంది కాగితాలు సర్దాడు. ఒక్క ఫారం మీద గీత పెట్టలేదు. చూసుకోండి. మా దేశంలో అన్నీ ఉన్నాయి కానీ, ఇలాంటి పిచ్చివాణ్ణి నేను చూడలేదు."

ఆవిడ కట్టలు తిప్పి చూసింది. తేదీల ప్రకారం పొందిగ్గా ఉన్నాయి. మొహంలో బిగువు సడలింది. "మా వాళ్లు కూడా ఇంత బాగా సర్దరు. ట్రైనింగ్‌కి వస్తారా?" అంది. డోలరెస్ చప్పట్లు మొదలుపెట్టింది. నలభయ్యేళ్ల అమెరికా జీవితంలో, పౌరసత్వం వచ్చిన రోజున కూడా గౌరీశంకర్ అంత గర్వంగా నిలబడలేదు.

కారు మళ్లీ ఇంటిదారి పట్టింది.

"నిజం చెప్పొద్దూ బావగారూ," అన్నాడు గౌరీశంకర్. "డోలరెస్‌కి ఆ ఫారం గవర్నమెంటే నింపి పంపితే ఏం పోయింది? పిల్లలు మీ దగ్గరుంటేనే సుఖమేమో."

"చాల్లెండి! నన్ను అక్కడ ఏనాడైనా ఎవరైనా సాయం అడిగారా? ఇక్కడ మూడో రోజుకే మెళ్లో బ్యాడ్జీ వేశారు. పిల్లలు ఇక్కడే ఉండాలి."

"మీ రైళ్లు, మీ సైకిల్ దారులు వదులుకునా?"

"మీ నాలుగు పాయింట్ తొమ్మిది అయిదు వదులుకునా?"

ఇల్లు చేరేసరికి ఇద్దరి గొంతులూ వీధి చివరికి వినిపిస్తున్నాయి. పద్మిని దండల పెట్టె లాక్కుని లోపలికి వెళ్లింది. ఉజ్వల పగలబడి నవ్వింది. ఎక్కడ కాపురం పెట్టాలో అవని, కౌస్తుభ్ రెండు వారాల క్రితమే నిర్ణయించుకుని తల్లులిద్దరికీ చెప్పేశారు.

తండ్రులకు మాత్రం వాదన ముగిశాక చెబుదామనుకున్నారు గనుక, ఇంకా చెప్పలేదు.