పేరయ్య జోళ్ళ ఘనవిజయం

ఒక పెద్ద అడవిలో, జంతువులు పులికన్నా ప్రకటనలకే ఎక్కువ లొంగే రోజుల్లో, చెంగమ్మ అనే లేడి ఉండేది.

పొద్దు కొండ అంచు తాకగానే వాగు దగ్గర బయల్దేరి, అది గుంకేలోపు కొండ కొసకి చేరినవాళ్ళ పేరు అక్కడి బండమీద చెక్కడం ఆ అడవి ఆచారం. బండనిండా మగజింకల పేర్లే. ఒక్క ఆడపేరైనా ఉండాలని చెంగమ్మ పంతం. అందుకే ఎండనక వాననక పరుగు సాధన చేసింది.

సంగతి గుంటనక్క పేరయ్య చెవిన పడింది. అతగాడిది గిట్టలకి తొడిగే జోళ్ళ వ్యాపారం.

"అమ్మాయ్, నీ కలే మా కంపెనీ కల. మా జోళ్ళు తొడుక్కో చాలు. మిగతాదంతా మేం చూసుకుంటాం."

"పరుగు కూడానా మామా?"

పేరయ్య పళ్ళికిలించాడు.

మిగతాది నిజంగానే చూసుకున్నారు. "ఆమె అడుగు, అడవికి వెలుగు" అని చెట్టుచెట్టుకీ బోర్డులు కట్టారు. పరుగు నాడు ఎదురుగాలి తగలకుండా చెంగమ్మ చుట్టూ మగజింకలని పరుగెత్తించారు. ఒక్కోదాని వీపుమీద జోళ్ళ బొమ్మ. చూడవచ్చినవాళ్ళకి బొమ్మలు కనబడ్డాయి గానీ చెంగమ్మ కనబడలేదు. పాపం, చెంగమ్మకి దారే కనబడలేదు.

సగం దూరంలో జోడు జారి బోర్లా పడింది. పొద్దు సగం గుంకింది. ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. జోళ్ళు నాలుగూ విదిల్చి పారేసి, మగజింకల మీదుగా ఒక్క గంతేసింది. పొద్దు పూర్తిగా గుంకకముందే కొండెక్కేసింది.

రొప్పుతూ బండకేసి చూసింది. వడ్రంగిపిట్ట అప్పటికే చెక్కేసి కూర్చుంది: "పేరయ్య జోళ్ళ ఘనవిజయం".

"ఇదేంటి పిట్టా? నేనిప్పుడే కదా వచ్చాను!"

"నిన్ననే చెక్కమన్నారమ్మా. నువ్వు ఓడినా ఇదే ఉంచమన్నారు."



ఈలోగా డప్పులతో పేరయ్య, వెనకే జనమూ ఎక్కివచ్చారు. ఏనుగు ముసలమ్మ బండమీది రాత చదివింది, చెంగమ్మ వట్టికాళ్ళు చూసింది.

"అయితే గెలిచింది జోళ్ళేనంటావా, పేరయ్యా?"

"సందేహమేముంది అవ్వా!"

"మరి మధ్యలో ఈ పిల్లెందుకు? రేపు జోళ్ళనే పరుగెత్తించు. అవి కొండెక్కితే తలో జత కొంటాం."

అందరి ముందూ అనేశాక పేరయ్యకి కాదనే దారి లేకపోయింది. మర్నాడు సాయంత్రం అడవంతా వాగొడ్డున చేరింది. జోళ్ళు వరసగా పెట్టి డప్పు కొట్టించాడు. పొద్దు గుంకింది గానీ జోళ్ళు కదల్లేదు. కోతులు నవ్వలేక కొమ్మలమీంచి జారిపడ్డాయి. ఆ తర్వాత ఆ అడవిలో జోడు తొడిగిన గిట్ట లేదు.

వారం తిరక్కుండా పేరయ్య మళ్ళీ చెంగమ్మ దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, ఇప్పుడు వట్టికాళ్ళకి రాసుకునే లేపనం అమ్ముతున్నా. డబ్బామీద నీ బొమ్మ వేసుకోనా?"

"ముందు బండమీద నా పేరు వేయించు మామా."

"చోటేదమ్మా? మా అక్షరాలు కాస్త పెద్దవిగా పడ్డాయి."

నీతి: గెలవాలంటే పరుగెత్తాలి, పేరు రావాలంటే మాత్రం జోళ్ళమ్మాలి.