మాస్టరు గొంతు చల్లగా ఉండాలి

తిట్టే కోచ్ దొరకడం పూర్వజన్మ సుకృతం! ఈ మాట ఊరికే అనడం లేదు. తిరువళ్ళూరు పక్కనుండే మా మణవాళనగర్ ఆడపిల్లల రగ్బీ లీగ్ జట్టును గ్రౌండు గట్టు మీద కూర్చుని, రెండు కళ్ళతో చూసి, బాగా ఆలోచించి అంటున్నాను. మెల్లగా మాట్లాడే కోచ్‌లందరినీ ప్రభుత్వం వెంటనే ఇంటికి పంపించాలి. వాళ్ళ మూలంగా ఎంతమంది పిల్లలు నవ్వుకుంటూ ఇంటికి వస్తున్నారో ఎవరికైనా పట్టిందా?

రగ్బీ అంటే ఏమిటని అడిగేవాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. బంతి గుండ్రంగా ఉండదు, బొప్పాయిలా ఉంటుంది. జట్టుకు పదమూడు మంది. బంతిని చంకలో పెట్టుకుని ముందుకు పరుగెత్తవచ్చు గానీ, చేత్తో ముందుకు విసరకూడదు. వెనక వచ్చేవాళ్ళకే ఇవ్వాలి. ఎదుటి జట్టు వచ్చి నడుం పట్టుకుని కింద పడేస్తుంది. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే పాయింట్లు.

మా మనవరాలు సింధూర మొదటి రోజు ఆడి మోకాలు చెక్కుకుని ఇంటికి వస్తే, "ఇదేం కొత్త ఆటే? చెన్నై ట్రైన్ ఎక్కేదానికి మీయమ్మ దినామూ ఆడేది ఇదే గదా!" అన్నాను.

ఇందులో ఒక చిక్కుంది. బంతి వెనక్కి ఇవ్వాలంటే వెనక ఎవరున్నారో తెలియాలి. వీపుకు కళ్ళు లేవు కదా! అందుకని వెనక వచ్చే పిల్లలు కేకలు వేసేవాళ్ళు. "అక్కా, నేనుండా! ఎడం పక్క నేనుండా!" మా పిల్లల కేకలు తెలుగులో ఉండేవి కాబట్టి చెన్నై జట్లకు సగం అర్థమయ్యేవి కావు. అర్థమయ్యే లోపల బంతి గీత దాటిపోయేది.

అప్పటి కోచ్ దినకర్. కాక్కలూరులో ఫ్యాక్టరీ పని ముగించుకుని, ఆ యూనిఫారంతోనే గ్రౌండుకు వచ్చేవాడు. మంచివాడే గానీ ఆయనలో ఒక పెద్ద లోపం ఉండేది. బంతి చేజారితే, "పోనీలేమ్మా, మళ్ళా పట్టుకుందురు" అనేవాడు. అంతే! జారిన పిల్లకు సిగ్గు ఎలా వస్తుంది? ఈ క్రమశిక్షణ లేని పద్ధతిలో పిల్లలు గెలుస్తూ పోయారు. గెలుపంటే కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి తేవలసిన వస్తువు. ఇలా ఐస్ చప్పరిస్తూ తెస్తే దానికి విలువేముంటుంది?

తల్లిదండ్రులకు సహజంగానే దిగులు పట్టుకుంది. జీవిత అనే పిల్ల తండ్రి రత్నస్వామి అందరి తరఫునా మాట్లాడాడు.

"అలిమేలక్కా, ఈయప్పకు గొంతే లేదు. మా కంపెనీలో సూపర్‌వైజర్ అరిస్తేనే గదా మేము పని చేసేది? ఊరికే ఉంటే ఎవురు చేస్తారు?"

అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను. దినకర్‌కు శాలువా కప్పి పంపేశాం.

తరువాత పార్థిబన్ మాస్టరు వచ్చారు. గొంతంటే అదీ! ఆయన మొదటి విజిలుకు గ్రౌండు పక్కన మేసే ఎద్దు తలెత్తి చూసింది. మొదటి కేకకు తాడు తెంపుకుంది. "వాయ మూడు!" అన్నారు, అంటే అరవంలో నోరు ముయ్యమని. గ్రౌండులో ఒకే గొంతు వినపడాలట, అది ఆయనదే అయి ఉండాలట. ఎంత పొదుపో చూడండి! పదమూడు గొంతుల పని ఒక్క గొంతుతో అయిపోయింది.

ఫలితం వెంటనే కనిపించింది. పిల్లలు బంతిని వెనక్కి ఇచ్చేవాళ్ళు. అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. బంతి కాసేపు గడ్డి మీద పడుకునేది. ఇన్నాళ్ళూ చేతులు మారి మారి అలసిపోయిన బంతి, దానికి మాత్రం విశ్రాంతి వద్దా? ఇక బంతి చేతిలోకి రాగానే ప్రతి పిల్లా ముందు మాస్టరు ముఖం చూసేది, తిడతారా లేదా అని. అంతలో ఎదుటి జట్టు వచ్చి నడుం పట్టుకునేది. విమర్శకులు దీన్ని ఓటమి అంటారు. నేను గురుభక్తి అంటాను!

ఇంకా ఎన్ని లాభాలని చెప్పను? జీవిత నిద్రలో కూడా "సారీ సార్, సారీ సార్" అంటోందని రత్నస్వామి మురిసిపోయాడు. అంత మర్యాద ఏ కాన్వెంటులో నేర్పుతారు? కెప్టెన్ సెల్వి ఇంట్లో కూడా మాట్లాడడం మానేసింది. వాళ్ళమ్మకు సీరియల్ ఇప్పుడు స్పష్టంగా వినపడుతోందట.

మా ఇంటికీ లాభం వచ్చింది. ఒకరోజు సింధూర ఎడమ చేత్తో ఇడ్లీ తింటోంది.

"కుడిచేతికి ఏమైందే?"

"ఏం లేదవ్వా."

"చూపీ."

చూపించింది. చూపుడు వేలు వంకాయ రంగులో వాచిపోయి ఉంది. "సార్‌కు మాత్రం చెప్పొద్దవ్వా. నొప్పి అంటే డ్రామా అంటాడు" అంది. ఎంత ఓర్పో చూశారా! దినకర్ కాలంలో అయితే ఈ పిల్ల అప్పుడే "అమ్మా!" అని అరిచి, ఆటకంతా అంతరాయం కలిగించి ఉండేది.

కట్టు కట్టించుకుని షేర్ ఆటోలో తిరిగి వస్తున్నాం. "ఫైనల్ అయినాంక నేను మానేస్తానవ్వా" అంది. తలగడను చంకలో పెట్టుకుని వంటింటి నుంచి వాకిలి దాకా పరుగెత్తే పిల్ల ఈ మాట అంది. వేలి వాపు కొన్నాళ్ళకు తగ్గింది. ఆ మాట మాత్రం మారలేదు.

శాంతంగా నేర్పితే ఏమవుతుందో నా కంటే ఎవరికి తెలుసు? మా ఆయన పోయాక, ప్రతి ఆఫీసులోనూ వేలికి సిరా పూయించుకుని విసుగెత్తి, కోకిల టీచర్ దగ్గర అక్షరాలు దిద్దాను. 'ఖ' రాయమంటే కుక్కను గీసేదాన్ని. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అరవలేదు. "బాగుందవ్వా, ఆ తోక కొంచెం లోపలికి తిప్పు" అనేది. దాని ఫలితం ఇప్పుడు మీరు అనుభవిస్తున్నారు! ఆనాడే నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేను పలక పారేసి పోయేదాన్ని. పాఠకులు సుఖంగా ఉండేవాళ్ళు.

జిల్లా ఫైనల్ తిరుత్తణిలో జరిగింది. ఆట ముందు మాస్టరు జట్టును కొండ కిందికి నడిపించి, కర్పూరం వెలిగించి, గట్టిగా మొక్కారు. "మురుగా! గెలిస్తే నా పిల్లలు పదమూడు మందీ నీకు గుండు కొట్టించుకుంటారు!"

మా పక్క పిల్లల జుట్టు పెద్దవాళ్ళు మొక్కడం కొత్తేమీ కాదు. అయితే మొక్కేవాళ్ళు ముందు తమ తల చూపిస్తారు. మాస్టరు తల మీద స్వామికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. మొక్కు ఆయనది, జుట్టు పిల్లలది! నాయకత్వం అంటే ఇది కాదా? సెల్వి తన నడుం దాటిన జడను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

ఓడితే తిట్లు, గెలిస్తే గుండు. ఇంత స్పష్టమైన భవిష్యత్తు ఏ జట్టుకు ఉంటుంది?

అవతలి వైపు ఆరంబాక్కం పిల్లలు. మొదటి సగంలో మావాళ్ళు బంతిని అరువు తెచ్చిన గిన్నెలా పట్టుకుని, అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశారు. గీత పక్కన మాస్టరు ఆగకుండా అరిచారు. అరిచి అరిచి గొంతు ముందు చీలింది, తరువాత కీచుమంది. ఇంటర్వెల్ విజిలు వేసేసరికి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

నా ఒళ్ళో ఫ్లాస్కు ఉంది. అందులో సింధూర కోసం కాచిన వేడి శొంఠి కషాయం ఉంది. మాస్టరు నా ముందుకు వచ్చి గొంతు చూపించారు, ఫ్లాస్కు చూపించారు, చేతులు జోడించారు. పెద్దదాన్ని కదా అని నమస్కారం పెడుతున్నారనుకున్నాను. తల మీద చెయ్యి పెట్టి దీవించాను. ఫ్లాస్కును మాత్రం పైట కిందికి తోశాను. ఎండకు కషాయం చల్లారిపోతుందని!

పిల్లలు గుంపుగా కూర్చున్నారు. వాళ్ళకు అలవాటైన తిట్లు రాలేదు. ఆ నిశ్శబ్దంలో ముందుగా సెల్వి నోరు తెరిచింది.

"ఏమ్మే, మొక్కు చెప్పిన నోరు యాడ?"

"ఉండాది గదక్కా, పలకలేదు అంతే" అంది జీవిత.

"అదేనే చెప్పేది! కొండ కిందనే గొంతు పాయ అంటే ఏమర్థం? ఈ మొక్కు నాకొద్దు అని స్వామే మూసేసినాడు."

"అయితే గుండు లేదా?"

"లేదు. జడలు గట్టిగా కట్టుకోండి."

సింధూర మాస్టరు వైపు చూసింది. ఆయన నోరు ఆడుతోంది, శబ్దం లేదు. "అక్కా, అయితే అరుద్దామా?" అంది.

"అరువే! ఆరంబాక్కం దాకా వినపడాల!"

ఇక చూడాలి! "అక్కా, నేనుండా!" "ఇట్రా, కుడిపక్క!" "ఎనక జీవిత ఉండాది, ఇచ్చేయ్!" అని గ్రౌండంతా సంతలా అయిపోయింది. బంతికి విశ్రాంతి కరువైంది. ఒక్క పిల్లా గీత పక్కకు చూడలేదు. చివర్లో ఇద్దరు నడుం పట్టుకుని లాగుతుంటే సింధూర పడిపోతూ, కేక వినపడిన దిక్కుకు బంతి వదిలింది. అక్కడ సెల్వి ఉంది. గెలిచారు. ఎంత క్రమశిక్షణ లేని గెలుపు!

కప్పు చేతికి రాగానే మాస్టరు అరచేతిని తల చుట్టూ గీసి చూపించారు. "సార్ తలకు నూనె పెట్టుకోమంటాడు" అంది జీవిత. ఆయన మళ్ళీ గీశారు. "టోపీ కొనిస్తాడంట" అంది ఇంకో పిల్ల. చివరికి పంచాయితీ నా దగ్గరికి వచ్చింది.

"మొక్కినోళ్ళే తీర్చాల, మాస్టరూ. తల మీద లేకుంటే మూతి మీద ఉండేది చాలదా? స్వామి కాదంటాడా?" అన్నాను.

ముందుగా నవ్వింది రత్నస్వామే. తరువాత అందరూ నవ్వారు కాబట్టి మాస్టరుకు దారి లేకపోయింది. ఆయన మీసం తిరుత్తణి మురుగనికి చేరింది.

మణవాళనగర్‌లో సన్మానం చేశాం. రత్నస్వామి మైకు పట్టుకున్నాడు. "ఫస్ట్ హాఫ్‌లో మాస్టరు ఆ అరుపు అరవబట్టే సెకండ్ హాఫ్‌లో పిల్లలు గెలిచినారు!" చప్పట్లు మోగిపోయాయి. వాళ్ళను తప్పుపట్టను. సూపర్‌వైజర్ తండ్రి మీద అరుస్తాడు, తండ్రి తల్లి మీద అరుస్తాడు, తల్లి పిల్ల మీద అరుస్తుంది. పిల్లకు అరవడానికి ఎవరూ లేక ఒక బంతి పట్టుకుని గ్రౌండుకు పోతే, అక్కడ కూడా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాం. పెంపకం అంటే మాటలా?

సోమవారం పొద్దున సింధూర షూ లేసులు కట్టుకుంటోంది.

"ఫైనల్ అయినాంక మానేస్తానంటివే?"

అది లేసు బిగిస్తూ, "సార్ గొంతు ఎప్పుడొస్తాది అవ్వా?" అంది.

"ఏమో. శొంఠి కషాయం తాగితే తొందరగా వస్తాదని డాక్టరు చెప్పినాడంట."

"అంతదాకా పోతా" అని పరుగెత్తింది.

ఆ రోజు నుంచి రత్నస్వామి రోజూ మా వాకిట్లో నిలబడి, మాస్టరు కోసం ఒక గ్లాసు కషాయం అడుగుతున్నాడు. శొంఠి అయిపోయిందని చెబుతున్నాను. డబ్బా మంచం కింద ఉంది.

తిట్టే కోచ్ దొరకడం పూర్వజన్మ సుకృతం అన్న మాటకు నేను ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. కాబట్టే తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ఉన్న అవ్వలందరికీ చేతులెత్తి మనవి చేసుకుంటున్నాను. రాష్ట్ర పోటీలు అయ్యేదాకా, మీసం లేని మనిషి ఎవరైనా మీ వాకిట్లోకి వచ్చి గొంతు చూపించి సైగ చేస్తే, శొంఠి లేదని చెప్పండి.