కారుకి కవరు, కవరుకి కవరు

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులోని మా అపార్ట్‌మెంట్ నివాసుల సంక్షేమ సంఘం తరఫున యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా సెల్లారులో ఉన్న పాత స్పోర్ట్స్ కారు క్షేమంగా ఉంది. దాన్ని చూడదలచినవారు ముందుగా రాతపూర్వకంగా అనుమతి పొందవలెను. అనుమతి పొందినవారు కవరు చూడవచ్చును.

ఈ ప్రకటన రాసింది నేనే. సంఘానికి సంయుక్త కార్యదర్శిని. మీటింగుల్లో అందరూ మాట్లాడతారు, నేను రాస్తాను. కాబట్టి ఈ కారు విషయంలో జరిగిన ముఖ్యమైనవన్నీ నా మినిట్సు పుస్తకంలో ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చివర్లో చెబుతాను.

కారు రామచంద్రమూర్తి గారిది. వారి నాన్నగారు గుడివాడ మనిషి. యాభయ్యారులో రాజధానితో పాటు ఫైళ్ళ లారీ ఎక్కి హైదరాబాదు వచ్చారు. అరవైమూడులో, ఊరు విడిచి పోతున్న ఒక దొర దగ్గర ఈ ఎర్ర కారు కొన్నారు. సీట్లు రెండే, పైకప్పు మడిచేస్తే ఆకాశం కనబడుతుంది. ఏడుగురు పిల్లలున్న మనిషికి రెండు సీట్ల కారెందుకని మీరు అడగవచ్చు. అందరినీ ఎక్కించుకోలేడు కాబట్టి ఎవరినీ ఎక్కించుకోనక్కర్లేదు. రెండేళ్ళు ఒక్కరే తిరిగారు. మూడో ఏడు వానాకాలం రాగానే తడిస్తే పాడవుతుందని పట్టా కప్పారు. ఆ వాన ఆయన పోయేదాకా వెలవలేదు.

డెబ్బయ్యేడులో కోటేశ్వరమ్మ గారు కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టారు. పట్టా కింద ఏముందని అడిగితే, "కారమ్మా! మావాడు బాగుచేయించి నిన్ను ఆబిడ్స్ తిప్పుకొస్తాడు" అన్నారట మామగారు. పెద్దలు అన్న మాట కదా, ఆవిడ నమ్మేశారు. పట్టా మీద ఏటా వడియాలు పెట్టారు. పట్టా కింద పిల్లులు ఈనాయి. ఇల్లు బిల్డరుకిచ్చినప్పుడు మాత్రం ఒప్పందంలో మొదటి షరతు కారుకి సెల్లారులో చోటు. మనుషుల ఫ్లాట్ల సంగతి మూడో పేజీలో వస్తుంది.

రామచంద్రమూర్తి గారు లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసు రికార్డు రూములో ముప్పైనాలుగేళ్ళు పనిచేశారు. ఆయన హయాంలో ఒక్క ఫైలు చిరగలేదు, నలగలేదు, పోలేదు. ఎవరికీ ఇవ్వలేదు మరి. జిరాక్సు తీస్తే వెలుతురు తగిలి కాగితం పాడవుతుందని సాక్షాత్తూ పైఅధికారినే వెనక్కి పంపిన ఘనత ఆయనది. పదవీ విరమణ సభలో శాలువా కప్పబోతే మడత నలుగుతుందని చేత్తో అందుకున్నారు. అలాంటి జాగ్రత్తపరుడు దొరకడం ఆ కారు చేసుకున్న పుణ్యం.

నాలుగేళ్ళ కిందట ఆయన కారు బాగుచేయడానికి పూనుకున్నారు. ఇందులో వెక్కిరించడానికేమీ లేదు, ఆ పని ఆయన నిజంగా బ్రహ్మాండంగా చేశారు. తోడు సామ్ సుందర్. మెదక్ మనిషి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు, మల్లేపల్లిలో ఉంటాడు. ఇంజను బిగుసుకుపోతే సిలిండర్లలో నూనె పోసి పదకొండు రోజులు కాచుకున్నారు, రోజూ పొద్దున్నే స్పానరుతో గోరంత తిప్పుతూ. ఎలుకలు కొరికిన తీగలన్నీ రంగు పెన్సిళ్ళతో కాగితం మీద గీసుకుని కొత్తవి లాగారు. తుప్పు మొత్తం గరుకు కాగితంతో రామచంద్రమూర్తి గారు స్వయంగా రుద్దారు, వేళ్ళ చర్మం లేచిపోయేలా. విప్పిన ప్రతి బోల్టునీ పచ్చడి జాడీల్లో వేసి నెంబరు అంటించారు. ఆ ఏడాది వాళ్ళింట్లో ఆవకాయ పెట్టలేదు.

పోయిన జూన్‌లో ఒక గురువారం పొద్దున ఇంజను స్టార్టయింది. సెల్లారంతా నీలంగా పొగ. సామ్ సుందర్ "ప్రభువా, స్తోత్రం!" అంటూ టోపీ తీశాడు. రామచంద్రమూర్తి గారు ఏడ్చేశారు. మాకు కూడా కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల అని మినిట్సులో రాశాను. అంతలో కోటేశ్వరమ్మ గారు చీర మార్చుకుని, చెప్పులేసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చారు.

"పదండి," అన్నారు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటండీ, ఆబిడ్స్‌కి."

"భలేదానివే! రంగు ఇంకా పచ్చిగా ఉంటేనూ," అన్నారాయన.

ఆవిడ మళ్ళీ మెట్లు ఎక్కారు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఇక్కడ ఆవిడ మోకాళ్ళ సంగతి చెప్పాలి. రెండూ అరిగిపోయాయి. డిసెంబరు పన్నెండున ఆపరేషను, రెండు మోకాళ్ళూ మార్చేస్తారు. ఆ తర్వాత కింద కూర్చోకూడదు, ఎత్తు తక్కువ సీట్లలో అసలు కూర్చోకూడదని డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు. ఆ కారు సీటు నేలకి జానెడెత్తు. అంటే పన్నెండో తారీఖు లోపల ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే ఈ జన్మకి లేనట్టే. మా సందు నుంచి ఆబిడ్స్ పోస్టాఫీసుకి నడిస్తే ఇరవై నిమిషాలు. ఆవిడకి అప్పటికే నలభై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆయన మాత్రం తీసుకెళ్ళనన్నారా? ఎన్నడూ అనలేదు. జులైలో ఆషాఢం. ఆగస్టులో వానలు. సెప్టెంబరులో వినాయకుడి ఊరేగింపులు, ఆ వెంటనే మహాలయ పక్షాలు. అక్టోబరులో దీపావళి, టపాకాయ నిప్పురవ్వ పడిందంటే ఏడు కోటింగుల రంగు ఏమైపోవాలి? నవంబరులో మంచిరోజులున్నాయి గానీ, ఆదివారమైతే ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల జనం, పనిరోజైతే నాంపల్లి కోర్టు జనం, అసెంబ్లీ జరిగితే పోలీసులు, జరగకపోతే ధర్నాలు. ఈ కారణాలన్నీ సహేతుకమైనవేనని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈలోపు సంరక్షణ ముమ్మరంగా సాగింది. సీట్లకి తోలు కుట్టినవాడు వేసిన ప్లాస్టిక్ కవరు తీయలేదు. ప్లాస్టిక్ గీసుకుపోకుండా దానిమీద తువ్వాలు, తువ్వాలు మాయకుండా దానిమీద దుప్పటి. కింద మ్యాటు, మ్యాటు మీద న్యూస్ పేపరు. హారను ఎవరైనా నొక్కుతారేమోనని టేపు. అద్దాలకి పాలిథిన్ సంచులు. టైర్లు అరగకుండా కారుని నాలుగు ఇనప స్టాండ్ల మీదికి ఎత్తారు. అన్నిటి మీదా బూడిదరంగు కవరు. గురువారం గురువారం కవరు తీసి మూడు నిమిషాలు ఇంజను ఆడించి, మళ్ళీ కప్పేవారు.

సామ్ సుందర్ ఊరుకునే మనిషి కాదు. "సార్, ఏంది సార్ ఇది? బండి అంటే నడవాలె. గిట్ల నిలబెడ్తే రబ్బర్లు ఎండుతయ్, పెట్రోల్ జిగట పడ్తది. జర రోడ్డు మీదికి తియ్యనియ్యండ్రి, నేనున్న కదా, ఫికర్ చెయ్యకుండ్రి."

"రోడ్డు మీద దుమ్ము, సామ్," అన్నారు రామచంద్రమూర్తి గారు.

"దుమ్ము గాక రోడ్డు మీద గంధం ఉంటదా సార్?"

ఆయన గుడ్డ అందుకుని అద్దం తుడిచారు.

నవంబరు చివర్లో మా అధ్యక్షులు సదాశివ గారు కారు ఆవిష్కరణ సభ పెట్టారు. బ్యానరు కట్టాం, మైకు పెట్టాం. కవరు తీశాం, ఫోటోలు తీశాం, కవరు వేశాం. సదాశివ గారు నలభై నిమిషాలు మాట్లాడారు: "సోదర సోదరీమణులారా! ఇది కేవలం కారు కాదు. ఇది మన వారసత్వం! మన గర్వకారణం! ఇలాంటి కారు రోడ్డు మీద తిరగదగినది కాదు, మన గుండెల్లో తిరగదగినది!" చప్పట్లు మోగిపోయాయి. తర్వాత వాహన పూజ. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కారు నేల మీద లేదు కాబట్టి అవి నలగలేదు. పురోహితుడు ఇబ్బందిగా చూశాడు. చివరికి సామ్ సుందర్ ఇటుక తెచ్చి నాలుగింటినీ వరసగా చితక్కొట్టాడు. శాస్త్రం చెల్లింది.

ఆ రాత కోతల్లో నేనుండగా కోటేశ్వరమ్మ గారు పక్కకొచ్చి నిలబడ్డారు. "ఏమండీ సెక్రటరీ గారూ, ఇంకా పదమూడు రోజులేనండీ," అన్నారు మెల్లగా. ఇది ఎజెండాలో లేని అంశం కనుక నమోదు చేయలేదు.

డిసెంబరు తొమ్మిది, మంగళవారం. పొద్దున పదింటికి రామచంద్రమూర్తి గారు కోఠి వెళ్ళారు. కారు కవరు మీద దుమ్ము పడుతోందని దానిమీదికి ఇంకో కవరు కుట్టించడానికి. కారు తాళం చెవి బీరువాలో భద్రంగా ఉంది. బీరువా తాళం చెవి కోటేశ్వరమ్మ గారి బొడ్లో ఉంది. ముప్పైనాలుగేళ్ళు రికార్డు రూము కాపాడిన మనిషి ఈ ఒక్క లోపం ఎలా చూడలేదో నాకు అర్థం కాదు.

ఆవిడ ఫోను చేస్తే సామ్ సుందర్ వచ్చాడు. నేను సెల్లారు మెట్ల మీద నిలబడి అంతా చూశాను.

"అమ్మా, సార్‌కు తెలిస్తే నన్ను సంపుతడు."

"నాలుగేళ్ళు చాకిరీ చేశావే, ఎందుకు నాయనా? పడుకోబెట్టి దుప్పటి కప్పడానికా?"

సామ్ సుందర్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఔ, గది నిజమేనమ్మా," అన్నాడు. కవరు లాగేశాడు. జాకీ తెచ్చి కారుని స్టాండ్ల మీంచి దించాడు. దుప్పటి తీశాడు, తువ్వాలు తీశాడు.

"ఆ ప్లాస్టిక్కు కూడా పీకెయ్యి. తోలు మీద కూర్చుంటాను," అన్నారావిడ.

వాచ్‌మన్ భార్య పూలమ్మ భుజం పట్టుకుని, పళ్ళ బిగువున నొప్పి భరిస్తూ ఆవిడ సీటులోకి దిగడానికి అయిదు నిమిషాలు పట్టింది. దిగాక హారను మీది టేపు తానే లాగేసి ఒకసారి గట్టిగా మోగించారు. కారు గేటు దాటింది. అప్పుడు పది గంటల యాభై నిమిషాలు. నేను అడ్డుకోలేదు. అడ్డుకోవాలంటే తీర్మానం కావాలి.

రామచంద్రమూర్తి గారు పన్నెండింటికి తిరిగొచ్చారు. కొత్త కవరు చేత్తో పట్టుకుని ఖాళీ స్టాండ్ల ముందు నిలబడిపోయారు. పన్నెండున్నరకి హారను మోగించుకుంటూ కారు వచ్చింది. పైకప్పు మడిచి ఉంది. కోటేశ్వరమ్మ గారి జుట్టంతా రేగిపోయి ఉంది, బొట్టు చెరిగింది, మొహం వెలిగిపోతోంది.

ఎడమ తలుపు మీద గీత పడి ఉంది.

ఆటోవాడో, బైకువాడో తెలియదు. రామచంద్రమూర్తి గారు పరుగున వచ్చి ఆ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"ఏమండీ, కాస్త చెయ్యి ఇవ్వండి, లేవలేకుండా ఉన్నాను," అన్నారావిడ.

ఆయన గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి రాసి చూస్తున్నారు. సామ్ సుందరూ పూలమ్మా చెరో చెయ్యీ పట్టి ఆవిణ్ణి పైకి లేపారు.

సాయంత్రం ఆరింటికి అత్యవసర సర్వసభ్య సమావేశం. ఏడాదంతా కోరం లేక వాయిదా పడే మీటింగుకి ఆరోజు కుర్చీలు చాలలేదు. టేపు తెచ్చి గీత కొలిచారు. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టారు. ఒకరు టూత్‌పేస్టు రాయమన్నారు, ఇంకొకరు కొబ్బరినూనె, మూడో ఆయన దిష్టి అన్నారు. సదాశివ గారు మైకు అందుకున్నారు: "మిత్రులారా! ఈ గీత పడింది తలుపు మీద కాదు, మన సంస్కృతి మీద! మనందరి నమ్మకం మీద!"  రెండు నిమిషాలు మౌనం పాటించాం. సామ్ సుందర్‌ని సెల్లారులోకి రానివ్వకూడదని తీర్మానించాం. "రానీకుంటే మానె. నేనైతే నడిపిన," అని అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట రికార్డు నుంచి తొలగించాం.

కోటేశ్వరమ్మ గారు ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మోకాలు రాసుకుంటూ కూర్చున్నారు. మౌనం అయ్యాక, "పోస్టాఫీసు దగ్గర మలుపు తిరిగేటప్పుడు..." అని మొదలుపెట్టారు.

"అక్కడేనా గీత పడింది?" అన్నారు నలుగురు ఒక్కసారే.

"కాదండీ." మళ్ళీ అన్నారు, "సిగ్నల్ దగ్గర ఆగితే, పక్కన బస్సులోంచి..."

"ఆహా, బస్సువాడా గీకింది!" అన్నారు సదాశివ గారు.

"కాదు," అన్నారావిడ.  లేచి, గోడ పట్టుకుని లిఫ్టు దాకా వెళ్ళిపోయారు.

ఆపరేషను బాగా జరిగింది. ఆవిడ ఇప్పుడు ఎత్తు కుర్చీలోనే కూర్చుంటున్నారు. కారు రెండు కవర్ల కింద ఉంది. ఆవిడ ప్రయాణం ఎలా జరిగిందో, సిగ్నల్ దగ్గర బస్సులోంచి ఎవరేమన్నారో, మలుపు దగ్గర ఏమయిందో నా మినిట్సులో లేదు. మొదట్లో చెప్పిన ఆ ఒక్కటీ ఇదే. ఎందుకు లేదంటే ఆ మీటింగులో ఉన్న అరవైమందిలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, రాసుకోవడంలో ఉన్నాను. ఆవిడ భర్త ఇప్పటికీ అడగలేదు.

మీ సంగతి నాకు తెలుసు. గీత ఎంత పొడవో ఇంకా చెప్పలేదేమిటని ఇందాకటి నుంచీ విసుక్కుంటున్నారు. రాసుకోండి: పదకొండు సెంటీమీటర్లు.