నాలుగో నంబరు టార్గెట్

ఆ శనివారం పొద్దున్నే నెవిల్ పాస్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యనీ అత్తగారినీ వరాబిన్ రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళాలి. పదకొండేళ్ళుగా అందకుండా పోతున్న క్లబ్బు షీల్డుని వాళ్ళ కళ్ళ ముందే గెలవాలి. భోజనాలయ్యాక ఇద్దరి చేతా అయిదేసి తూటాలు కాల్పించి, ఆ సరదా ఏమిటో వాళ్ళకీ రుచి చూపించాలి. పదకొండేళ్ళూ ఆ షీల్డు మీద మెర్వ్ హల్ పేరే చెక్కారు. పదకొండేళ్ళూ రెండో స్థానం నెవిల్‌దే. రెండో స్థానం వాడి పేరు ఎక్కడా చెక్కరు. షీల్డు కోసమని నెవిల్ ముందు గదిలో మేకు మాత్రం ఎప్పుడో కొట్టి ఉంచాడు. ప్రస్తుతం దానికి భార్య గ్లెనిస్ తన ఎండ టోపీ తగిలిస్తోంది.

అత్తగారు బెరిల్‌కి డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళ పాటు ప్రైమరీ స్కూలు ముందు నిలబడి, "ఆగు" అని రాసిన పలక ఎత్తి, గోధుమల లారీల్ని ఆపి పిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి. అలాంటావిడకి నెవిల్ దారిలో, తన నోటితో తనే, క్లబ్బు నియమం బోధించాడు.

"అక్కడ అన్నిటికంటే పెద్ద రూలు ఒకటుంది అత్తయ్యా. ప్రమాదం ఏదైనా కంటపడితే 'ఆపండి!' అని అరవాలి. ఎవరరిచినా సరే, అందరూ కాల్చడం ఆపేయాలి."

"ఎవరరిచినా?"

"ఎవరరిచినా."

"నేనరిచినా?"

"మీరైనా సరే."

ఒళ్ళో ఉన్న లామింగ్టన్ కేకుల డబ్బా సర్దుకుని బెరిల్ బుద్ధిగా తలూపింది. వెనక సీటులోంచి గ్లెనిస్ మాత్రం, "నీకేమైనా మతిపోయిందా?" అంది మెల్లగా. నెవిల్ వినిపించుకోలేదు. అతని బుర్రంతా గాలి ఎటు వీస్తోందన్న దాని మీదే ఉంది.

రేంజ్‌లో ఇరవైమంది వరసగా చాపల మీద బోర్లా పడుకున్నారు. నెవిల్‌ది నాలుగో నంబరు. పక్కనే అయిదులో మెర్వ్. మూడు వందల గజాల అవతల ఒక కందకం, దాని పైన వరసగా టార్గెట్లు. తూటా పేలగానే కందకంలో ఉన్నవాళ్ళు టార్గెట్‌ని కిందికి లాగి, ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టి, పాత కన్నం మీద కాగితం అంటించి మళ్ళీ పైకి లేపుతారు. మనిషికి పది తూటాలు, తూటాకి మహా అయితే అయిదు మార్కులు. నెవిల్ వెనక కుర్చీలో గ్లెనిస్ మార్కులు రాయాలి. బెరిల్ దుర్బిణిలో నాలుగో నంబరునే చూస్తూ మార్కు ఎంతో చెప్పాలి. ఇంతకంటే తేలికైన పని ఉండదని నెవిల్ నమ్మాడు, పాపం.

మూడు తూటాల దాకా బాగానే జరిగింది. నాలుగోదానికి నెవిల్ ఊపిరి బిగబట్టాడో లేదో, నెత్తి మీద పిడుగు పడ్డట్టు వినిపించింది.

"ఆపండి!"

క్లబ్బు కెప్టెన్ డగ్ ఈల ఊదాడు. ఇరవైమందీ తుపాకుల బోల్టులు తెరిచి, లేచి, వెనక్కి వచ్చారు. టార్గెట్లన్నీ కిందికి దిగిపోయాయి. దూరంగా గడ్డిలో ఒక తీతువు పిట్ట ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని తీరుబడిగా రేంజ్ దాటుతోంది.

"బాగా చూశావు బెరిల్!" అన్నాడు డగ్. కొంప ముంచింది ఆ ఒక్క మెచ్చుకోలే.

ఆరో తూటా దగ్గర బెరిల్‌కి పొగ కనిపించింది. మళ్ళీ ఈల, మళ్ళీ అందరూ లేచారు. షెడ్డు వెనక సాసేజ్‌లు మాడుతున్నాయి, అంతే. వాటిని కాలుస్తున్న పెద్దమనిషి తనకీ ఆ రూలు వర్తిస్తుందేమోనని చేతిలో పట్టకారు కింద పెట్టి వెనక్కి జరిగాడు.

"ఏరా నెవిల్, మీ అత్తగారు ఇవాళ మనల్ని ఇంటికి పోనిస్తారా?" అన్నాడు మెర్వ్. నవ్వుతూనే అన్నాడు గాని, చాప మీదికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ నవ్వు లేదు.

తొమ్మిది తూటాలయ్యేసరికి నెవిల్‌కీ మెర్వ్‌కీ నలభై నాలుగేసి మార్కులు. మిగిలింది ఒక్కొక్క తూటా. పదకొండేళ్ళలో ఆఖరి తూటా దాకా మెర్వ్‌తో సమానంగా రావడం ఇదే మొదటిసారి. గాలి జెండాలు ఒకటి అటూ ఒకటి ఇటూ కొట్టుకుంటున్నాయి. మెర్వ్ గాలి కోసం కాచుకుని, ఊపిరి బిగబట్టి, శిలలా పడి ఉన్నాడు. అర నిమిషం. ముప్పావు నిమిషం.

"ఆపండి! ఆపండి! ఆ మనిషి కదలట్లేదు! ఎవరైనా గుండె డాక్టర్‌ని పిలవండి!"

మెర్వ్ లేచాడు. మొహం బీట్‌రూట్ దుంపలా ఉంది. "నేను బతికే ఉన్నానమ్మా!" అని అరిచాడు. ఆ అరుపుకి అందరికీ ఆ సంగతి స్పష్టమైంది. తర్వాత నెవిల్ వైపు తిరిగి, "నన్ను ఓడించడానికి ఇంటిల్లిపాదినీ తెచ్చుకున్నావా? ఏం, నీ గురి చాల్లేదా?" అన్నాడు.

ఆ మాట నెవిల్‌కి ఎక్కడో తగిలింది. గబగబా అత్తగారి దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అత్తయ్యా, ఒక్క తూటా. మీకు దణ్ణం పెడతాను. ఇక ఏం కనబడ్డా సరే, భూమి బద్దలైనా సరే, నోరు విప్పకండి."

"మరి రూలో?"

"రూలు నేను చూసుకుంటాను!"

అది తప్పు మాట అని అతనికీ తెలుసు. డగ్ దూరంగా ఉన్నాడు కాబట్టి సరిపోయింది. బెరిల్ నొచ్చుకుంది. అయినా పెదాలు బిగించి దుర్బిణి దగ్గర కూర్చుంది.

ఈల మోగింది. టార్గెట్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. నెవిల్ చాప మీద పడి, తుపాకీ భుజానికి ఆనించాడు. సరిగ్గా అప్పుడే జెండాలన్నీ ఒక్కసారిగా వాలిపోయాయి. గాలి ఆగింది. ఇలాంటి క్షణం మళ్ళీ రాదు. ఎదురుగా తెల్లని టార్గెట్, నడిమధ్య నల్లటి గురి.

అతని వెనక బెరిల్ కుర్చీలోంచి సగం లేచింది. కూర్చుంది. కూతురి చెయ్యి గట్టిగా గిల్లింది. తుపాకీ మోత వినబడకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకున్న గ్లెనిస్, "ఏంటమ్మా? బాత్‌రూమా?" అంది. బెరిల్ అడ్డంగా తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం తెరుచుకోలేదు.

నెవిల్ మీట నొక్కాడు. అదే క్షణంలో పక్కన మెర్వ్ తుపాకీ కూడా పేలింది.

నెవిల్‌కి తెలిసిపోయింది, తూటా నడిమధ్యలోకే వెళ్ళింది. ముప్పై ఏళ్ళ అనుభవం అబద్ధం చెప్పదు. కన్నెత్తి చూస్తే కిందికి దిగింది అయిదో నంబరు. దాని పక్కన, ఇంతసేపూ ఖాళీగా ఉన్న చోట, నాలుగో నంబరు ఇప్పుడు తీరిగ్గా పైకి లేస్తోంది, కన్నం లేకుండా, మల్లెపువ్వులా.

కందకంలోంచి డగ్ రేడియోకి కబురొచ్చింది. అయిదో నంబరు మీద రెండు కన్నాలు. ఒకటి నడిమధ్య, అయిదు మార్కులు. ఇంకొకటి అంచు దగ్గర, మూడు.

"అది నాది! మధ్యది నాది!" అన్నాడు నెవిల్.

"అయ్యుండొచ్చు నాయనా," అన్నాడు డగ్. "కాని ఎవరిదేదో తేలనప్పుడు టార్గెట్ ఎవరిదో వాళ్ళకే పెద్ద మార్కు. మెర్వ్‌కి అయిదు. పక్కవాడి టార్గెట్‌ని కాల్చినందుకు నీకు సున్నా."

అంచున తగిలింది ఎవరి తూటానో మెర్వ్‌కి తెలుసు. అందుకే వచ్చి నెవిల్ భుజం తట్టాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి.

నెవిల్ అత్తగారి వైపు తిరిగాడు. "నాలుగు పైకి రాలేదని చూశారా అత్తయ్యా?"

"చూశాను. అయిదే ఉంది. నీ తుపాకీ దాని మీదే ఉందేమోనని నా ప్రాణం విలవిల్లాడింది."

"మరి ఒక్క మాట..."

"భూమి బద్దలైనా విప్పొద్దన్నావు కదా. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో కూడా నేనింత కష్టపడలేదు నాయనా." ఆవిడ నిజంగానే ఏడ్చేసింది. గెలవాల్సినవాడు ఓడిపోయి, అత్తగారిని ఓదారుస్తూ కూర్చున్నాడు.

భోజనాలయ్యాక బెరిల్ అయిదు తూటాలు కాల్చింది. గ్లెనిస్ కూడా కాల్చి, "ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అని మొగుణ్ణి నిలదీసింది. బెరిల్‌వి రెండే తగిలాయి. "అయితేనేం," అన్నాడు మెర్వ్ ఒళ్ళో షీల్డు పెట్టుకుని, లామింగ్టన్ నములుతూ, "రెండూ తన టార్గెట్‌కే తగిలాయి."

క్లబ్బుకి ఇలాంటి కళ్ళు కావాలని డగ్ అక్కడికక్కడే సభ్యత్వ పత్రం తీశాడు. వచ్చే శనివారం నుంచి ఈల బెరిల్ చేతికే ఇస్తారట. ప్రతిపాదించినవారి దగ్గర మెర్వ్ సంతకం పెట్టాడు. బలపరిచేవారి దగ్గర సంతకానికి పత్రం నెవిల్ ముందుకు వచ్చింది. అతను చాలాసేపు పెన్ను విదిలించి, ఇంకు అయిపోయిందన్నాడు.

గ్లెనిస్ సంచిలోంచి ఇంకో పెన్ను తీసిచ్చింది.