సింహాసనం, ఉన్నది ఉన్నట్టుగా

మ్యూజియంలో పాత వస్తువుల సంరక్షణ చూసే కోడలు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉత్తుత్తి ప్రమాదానికి సైరన్ మోగాలి, ఆమె శిక్షణ ఇచ్చిన సిబ్బంది వస్తువులను జాగ్రత్తగా బయటికి తేవాలి, పై ఆఫీసు నుంచి వచ్చే అధికారి చూసి సరేననాలి. ఆయన కాదంటే మాత్రం ఆ శిక్షణ ఈ రోజుతో సరి. వరదలూ యుద్ధాలూ వచ్చినప్పుడు మనుషుల్నే కాపాడుకోలేక చస్తుంటే పాత కాగితాల కోసం ఈ హడావిడి ఏమిటని ఆయన ముందే ఫోనులో విసుక్కున్నాడు.

కిందటి వరదను ఆమె కళ్లారా చూసింది. మంచి మనసుతోనే పరుగెత్తుకొచ్చిన జనం, తడిసి అంటుకుపోయిన రాతప్రతులను బలంగా లాగి, చేతుల్లోనే ముద్ద చేసేశారు. ఆ రోజు ఆమె మ్యూజియం మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అందుకే వరదకైనా, నిప్పుకైనా, బాంబు దాడికైనా ఒకటే మంత్రమని సిబ్బందికి నెలల తరబడి నూరిపోసింది: "అంటుకున్నవాటిని అక్కడ విడదీయకండి. ఉన్నది ఉన్నట్టుగా తీసుకురండి. విడదీసే పని నాది."

"అమ్మాయ్, నేనూ వస్తాను. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఏం చెయ్యను?" అన్నాడు మామగారు చెప్పులు వేసుకుంటూ.

"రండి మామయ్యగారూ. కానీ అక్కడ ఏదీ ముట్టుకోకూడదు."

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

ఆయన నిజంగానే ఏదీ ముట్టుకోలేదు. కూర్చున్నాడు, అంతే. మాక్ డ్రిల్ కోసం అసలు వస్తువులన్నీ మేడ మీదే ఒక పక్కగదిలో భద్రపరిచి, వాటి స్థానంలో పాత సామాన్లు పెట్టారు. మేడ మీద హాల్లో ఒక పాతకాలపు చేతుల కుర్చీ, దాని వీపున ఎర్ర చీటీ. ఎర్ర చీటీ అంటే అన్నిటికన్నా ముందు కాపాడవలసిందని. ఈ పూటకు ఆ కుర్చీ ఏదో మహారాజు సింహాసనం. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చిన మామగారికి మాత్రం అది కుర్చీ. ఫ్యాను గాలికి అలా వాలాడో లేదో కునుకు పట్టేసింది.

సైరన్ మోగింది. కాస్త చెవుడు ఉన్న పెద్దమనిషి కావడంతో ఆయన గురక ఆగలేదు. జట్టుకు నాయకురాలైన టికెట్లావిడ, డ్రైవరు, ఇద్దరు కాపలాదారులు వచ్చి కుర్చీ చుట్టూ నిలబడ్డారు.

"మేడమ్ వాళ్ల మామగారండీ," అన్నాడు డ్రైవరు మెల్లగా.

"కనిపిస్తోంది," అంది టికెట్లావిడ. "పరీక్షలో ఈ మెలిక కావాలనే పెట్టుంటారు. మేడమ్ ఏం చెప్పారు?"

"విడదీయొద్దన్నారు."

"మరి ఆలోచిస్తారేం, పట్టండి."

పద్ధతి ప్రకారం ముందు మెత్తటి తెల్లగుడ్డ చుట్టారు, తడి తగలకుండా పైన ప్లాస్టిక్ కప్పారు, ముఖం ఒక్కటీ వదిలి టేపు వేశారు. సగం మెట్లు దిగాక సింహాసనం కళ్లు తెరిచింది.

"ఎక్కడికర్రా నన్ను మోసుకుపోతున్నారు? దించండి."

"కదలకండి బాబాయిగారూ, చెక్క పాతది," అంది టికెట్లావిడ.

"నేను మనిషినమ్మా."

"అది తేల్చాల్సింది మేడమ్ అండి. కింద ఆవిణ్ణే అడుగుదురుగాని."

ఆవరణలో డ్రిల్‌కు పిలిచిన ఫైర్ ఆఫీసరు లాంఛనంగా పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడ దాకా తెల్లగుడ్డ చుట్టిన ముసలాయన్ను నలుగురు మోసుకొస్తుంటే, ఆయన లబోదిబోమంటుంటే, చూసినవాడు ఏమనుకుంటాడు? లోపల నిజంగానే అంటుకుందనుకున్నాడు. అనుకోగానే నీళ్లు వదిలాడు. మేడ మీద మొదటి కిటికీ అద్దం పగిలి, నీళ్లు గదిలోకి దూకాయి. అసలు రాతప్రతులను భద్రపరిచిన గది అదే.

"ఆపండి, అందులో రాతప్రతులున్నాయి," అని కోడలు అరిచింది. నీళ్లు ఆగేసరికి జరగవలసింది జరిగిపోయింది. పక్కనే పై ఆఫీసు అధికారి. ఆమె కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

టికెట్లావిడ మామగారిని పదిలంగా నీడలో దింపించి, ఎవరి అనుమతీ అడగకుండా జట్టుతో పైకి వెళ్లింది. కాసేపటికి రాతప్రతుల కట్టలు పెట్టిన పళ్లేలు దిగడం మొదలుపెట్టాయి. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ అరవలేదు. అతుక్కున్న కట్టలను ఎవరూ లాగలేదు. బాగా తడిసినవి ఒకచోట, చెమ్మ తగిలినవి ఒకచోట, పొడివి మరోచోట శుభ్రమైన గుడ్డల మీద చేరాయి.

"ఏవండీ, ఊరికే నిలబడ్డారేం? ఇది రెండు చేతులా పట్టుకోండి," అని ఆవిడ ఒక పళ్లేన్ని అధికారి చేతిలో పెట్టింది. ఆయన బుద్ధిగా పట్టుకున్నాడు. ఉండబట్టలేక ఒక అంచును వేలితో లేపబోయాడు.

"విడదీయకండి," అన్నారు నలుగురూ ఒక్కసారే. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు.

కోడలికి కళ్లు చెమర్చాయి. పద్ధతి తాను నేర్పిందే, కాని ఈ నిబ్బరం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. వీళ్లు తన మనుషులని గర్వంతో పొంగిపోయింది. సాయంత్రానికి తేలింది, ఒక్క పుట కూడా పోలేదు.

"అమ్మాయ్, నన్నిప్పుడైనా విడదీస్తావా?" అన్నాడు మామగారు నీడలోంచి.

వెళ్లేముందు అధికారి చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ ఈ శిక్షణ అక్కర్లేదని రాద్దామనే వచ్చానమ్మా. అదే రాస్తున్నాను."

ఆమె ముఖం పాలిపోయింది.

"వీళ్లకి ఇంక నేర్పేదేముంది? మిగతా ఆఫీసులవాళ్లందరికీ అక్కర ఉంది. సోమవారం నుంచి వాళ్లని మీ దగ్గరికి పంపుతాను, కాదనకండి."

సోమవారం ముందు వరసలో ఫైర్ ఆఫీసరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పైపును మాత్రం గేటు దగ్గరే వదిలి రమ్మన్నారు.