తెప్పించాలా? అవును

ఆ ఉదయం సదాశివ వేసుకున్న లెక్క చిన్నదే. పదింటికి లైబ్రరీకి వెళ్లాలి, భార్య అలక తీర్చే పుస్తకం ఒకటి పట్టుకోవాలి, పదకొండుకల్లా అల్వాల్‌లో తన హార్డ్‌వేర్ దుకాణం తెరవాలి.

కమలాబాయి దుకాణానికి రావడం మానేసి నాలుగు రోజులైంది. ఇద్దరు గిరాకీల ముందు సదాశివ ఆమెను "నీకేమెరుక, సప్పుడు జెయ్యక కూసో" అన్నాడు. తీరా చూస్తే ఆమె చెప్పిన నల్లా సైజే సరైనది. "సింకు కింద వంకరగా ఉంటది చూడు, అది" అని ఎవరైనా అడిగితే, వాళ్లకు కావలసిందేమిటో, అది ఏ డబ్బాలో ఉందో ఆమెకే తెలుసు. ఆమె లేక వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్క దుకాణానికి పోతున్నారు. తప్పైందంటే సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ల వ్యాపారంలో సదాశివ మొదటి మాటకే దిగివచ్చినవాడు కాదు.

లైబ్రరీ కార్డు కమలాబాయిది. అక్కడి కంప్యూటర్‌లో ఆ నంబరు కొట్టి, కావలసింది టైపు చేశాడు. "పెళ్లానికి సారీ చెప్పకుండా కోపం తగ్గించడం ఎలా." ఫలితాలు లేవు. కింద "ఈ పుస్తకం తెప్పించాలా?" అని వచ్చింది. సరుకు తెప్పిస్తామంటే వద్దనే వ్యాపారి ఉంటాడా? 'అవును' నొక్కాడు.

బేరం కుదరకపోతే ఒక మెట్టు దిగాలి. "తప్పు ఇద్దరిదీ అయితే ముందు ఎవరు మాట్లాడాలి." లేదు. అవును. "తప్పు ముప్పావు వంతు భర్తదైతే." లేదు. అవును. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకుని కొట్టాడు, "తప్పు నాదే, ఎట్ల చెప్పాలె." అదీ లేదు. అవును.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిరిగి చూస్తే గోడ మీది టీవీలో 'పాఠకులు కోరిన పుస్తకాలు' అని నాలుగు వరుసలు. ప్రతి వరుస పక్కనా కమలాబాయి పేరు.

వాళ్ల వీధిలోనే ఉండే రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ రాజబాబు కళ్లజోడు సవరించుకున్నాడు. "సదాశివ గారూ, మీ ఇంటావిడకి పెళ్లాం ఎవరండీ?"

సదాశివ చెవులు మండిపోయాయి. లైబ్రేరియన్ యోగిత దగ్గరికి ఉరికాడు. "జెర ఆ నాలుగు లైన్లు తీసెయ్ బిడ్డా."

"కార్డు ఎవరిదో వాళ్లు చెప్పాలి అంకుల్. ఉండండి, ఆంటీకి ఫోన్ చేస్తా."

"వద్దొద్దు!" అనేలోపే స్పీకర్ మోగింది. యోగిత నాలుగు వరుసలూ స్పష్టంగా చదివి వినిపించింది. గదిలో పేపర్లన్నీ ముఖాల మీది నుంచి కిందికి దిగాయి.

"వస్తున్న," అంది ఫోన్‌లో కమలాబాయి.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. టీవీ ముందు నిలబడి, వచ్చిన సరుకు సరిచూసుకున్నట్టు పైనుంచి కిందిదాకా చదివింది. సదాశివ తలెత్తలేదు. ఆనాడు విన్నది ఇద్దరు, ఈనాడు చూస్తున్నది పద్దెనిమిది మంది.

"నాలుగోది జెర నోటితోని చెప్పు."

"తప్పు నాదే కమలా. అందరి ముంగట అన్న, అందరి ముంగటనే ఒప్పుకుంటున్న."

"సరే, అయిపాయె. ఇగ ఊకో."

ఈలోగా రాజబాబు కంప్యూటర్ దగ్గర కూర్చుని తంటాలు పడుతున్నాడు. "పుస్తకం పేరు గుర్తులేదు, నీలం అట్టండీ. ఒకాయన పడవ కొంటాడు. పడవ అని కొడితే రెండొందలు చూపిస్తోంది."

"పడవ ఎందుకు కొంటడు సార్?" అంది కమలాబాయి.

"ఊరు మునిగిపోద్దని భయమండి."

"అయితే పడవ కాదు, వరద అని కొట్టుండ్రి సార్."

నాలుగే పుస్తకాలు వచ్చాయి. రెండోది నీలం అట్ట. అప్పుడే మరో ముగ్గురు తమ పుస్తకాలు అడగడానికి ఆమె చుట్టూ చేరారు.

"ఆంటీ, పొద్దున పూట ఇక్కడ కూర్చుంటారా? ప్లీజ్," అంది యోగిత.

కమలాబాయి భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, ఏమంటవ్?"

పద్దెనిమిది మందీ సదాశివ నోటి వైపే చూస్తున్నారు.

"నీ ఇష్టం," అన్నాడు.

కమలాబాయి ఇప్పుడు భర్తతో బాగానే మాట్లాడుతోంది, దుకాణంలో మాత్రం మధ్యాహ్నం రెండు దాటాకే.