అక్కగారింటి కుళాయి

పొద్దున్నే లాడ్జి గదిలో అద్దం ముందు నిలబడి గుమాస్తా ఒకే మాట పదే పదే చెప్పుకున్నాడు. "అక్కా, తప్పు నాదే." పన్నెండేళ్ళ క్రితం భోజనాల దగ్గర అక్కతో మాటకి మాట పెరిగి, ఇక ఈ ఊళ్ళో అడుగు పెట్టనని కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయినవాడు అతను. ఆ పంతంతోనే మేనల్లుడి పెళ్ళికి కూడా రాలేదు. ఇప్పుడు బీమా కంపెనీ అతని పంతాన్ని ఖాతరు చేయకుండా ఈ ఊరికే బదిలీ చేసింది. ఆఫీసులో చేరేలోగా అక్క దగ్గరికి వెళ్ళి, ఆ మాట చెప్పేసి, తిట్లు తినేసి రావాలని అతని ఉద్దేశం.

వీధంతా మారిపోయినా అక్క ఇల్లు అలాగే ఉంది. అదే ఇబ్బందైంది. గేటు కనబడగానే కాళ్ళు వేగం పెంచి అతన్ని వీధి చివరికి తీసుకుపోయాయి. వెనక్కి వచ్చాడు. మళ్ళీ దాటిపోయాడు. మొహం మీదే తలుపేస్తే? వేయకుండా ఏడిస్తే? రెండోది తలుచుకోగానే చెమట పట్టింది.

ఇంకోసారి దాటబోతుంటే తలుపు తెరుచుకుంది. వచ్చింది అక్క కోడలు. అతనెప్పుడూ చూడని మనిషి.

"వచ్చారా? మీకోసమే చూస్తున్నాం. రండి, కుళాయి పెరట్లో ఉంది."

"నేను..."

"మీ చేతిలో సంచీ చూడగానే అనుకున్నా, ప్లంబరేనని. చెప్పులు అక్కడ విడవండి."

ప్లంబర్ని కానంటే మరెవరని అడుగుతుంది. ఆ ప్రశ్న కంటే కుళాయే నయమనిపించింది.

"అమ్మగారు లేరా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మేడ మీద గదిలో ఉన్నారు. వస్తారు."

కుళాయి ముందు గొంతుక్కూర్చుని ఎంతసేపు చూసినా చుక్క పడలేదు.

"ఎక్కడా కారడం లేదే?"

"ఆగి ఆగి కారుతుందండి" అంది కోడలు, ఎటో చూస్తూ.

పానా ఇంట్లో మరిచిపోయానన్నాడు. ఆ అమ్మాయి కాస్త తటపటాయించి మామగారి పానా తెచ్చిచ్చింది. కుళాయి బాగుచేసి చూపిస్తే తిట్లు సగానికి తగ్గవచ్చని అతనికి ఆశ పుట్టింది. ఆ ఆశతోనే గట్టిగా తిప్పాడు. కుళాయి ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్ళు ఎగిరి మొహానికి కొట్టాయి.

"అయ్యో, నీళ్ళు కట్టేదెక్కడ?"

"మేడ మీద, ట్యాంకు దగ్గర" అంటూ కోడలు గొట్టంలో గుడ్డ కుక్కడానికి తంటాలు పడింది.

మెట్లెక్కి, అక్క గది తలుపు ముందు మునివేళ్ళ మీద నడిచి, డాబా మీదికి చేరాడు. పక్కింటికీ ఈ ఇంటికీ ఒకటే డాబా. ట్యాంకులు రెండు. దగ్గరగా ఉన్నదాని వాల్వు కట్టేశాడు. కింద నీళ్ళు ఆగలేదు. పక్కింట్లో ఆగిపోయాయి. నిమిషం తిరక్కుండా పక్కింటి రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు తువ్వాలు చుట్టుకుని, ఒంటినిండా సబ్బుతో, ఒక కన్ను మూసుకుని పైకొచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"ప్లంబర్నండి."

"ఎవరి ప్లంబరువి?"

"అక్క... అదే, అమ్మగారి..."

రెండు రకాలుగా చెప్పేసరికి మాస్టారికి దొంగేనని రూఢి అయింది. చొక్కా పట్టుకుని అక్క గది దాకా లాక్కొచ్చి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన అక్కకి జుట్టు సగం నెరిసింది. గుమాస్తా పొద్దుటి నుంచీ వల్లించిన మాట కోసం వెతుక్కున్నాడు.

"అక్కా, కుళాయి నాదే" అన్నాడు.

"మాస్టారూ, మీరెళ్ళి ఒళ్ళు కడుక్కోండి. వీడు మావాడే" అంది అక్క. మాస్టారు, ముందు నీళ్ళు వదలమని చెప్పి వెళ్ళిపోయాడు.

"నన్ను గుర్తుపట్టావా?"

"కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా, గేటు ముందు నీ పచార్లు. నేను పిలిస్తే పారిపోతావేమోనని కోడల్ని పంపా, ఏదో ఒకటి చెప్పి లోపలికి తీసుకురమ్మని."

"మరి నువ్వు కిందికి రాలేదేం?"

"నాకు మాత్రం భయం ఉండదూ?" అంది అక్క, కొంగుతో అతని తల తుడుస్తూ.

కింద నీళ్ళ చప్పుడు బాగా వినిపిస్తోంది.

"అయితే ఆ కుళాయి?"

"దానికేం? నువ్వు చెయ్యి వేసేదాకా బాగానే ఉంది."

బావ చొక్కా అతనికి రెండింతలైంది. ఆఫీసులో చేరడం మర్నాటికి వాయిదా పడింది. ప్లంబర్ని నిజంగానే పిలవాల్సి వచ్చింది. అతను మధ్యాహ్నం వచ్చి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పని చేసిందెవరని అడిగాడు.

"మా తమ్ముడు" అంది అక్క, కాస్త గర్వంగానే.